పటిక నీళ్ళు

మా ఇంటి హాల్లో గోడ మీద మూరెడు వెడల్పు, మూరన్నర పొడవు ఉన్న కలంకారీ గుడ్డ ఒకటి వేలాడుతోంది. అశోకవనంలో సీత. కింద ఎడమవైపు మూలన నల్లటి అక్షరాలతో నా పేరు. వచ్చినవాళ్ళు దగ్గరికి వెళ్ళి చూసి ‘నువ్వే వేశావా?’ అని ఆశ్చర్యపోతారు. మొదటి రెండు నెలలూ ‘అవును’ అన్నాను. ఆ ‘అవును’ గురించే ఇప్పుడు రాస్తున్నాను.

2024 ఫిబ్రవరిలో శ్రీకాళహస్తిలో జరిగిన ఐదు రోజుల వర్క్‌షాపుకి వెళ్ళాను. పద్నాలుగు మందిమి, అందరం ఆడవాళ్ళమే. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నుంచి వచ్చినవాళ్ళం. ఫీజు ఆరువేల ఐదువందలు, భోజనం వేరే. పిహెచ్.డి. అయిపోయి, కాంట్రాక్టు ఉద్యోగంలో ఏళ్ళు గడుస్తూ, అక్షరాలంటేనే ఒకరకమైన విసుగు పుట్టిన రోజులవి. చేత్తో ఏదన్నా చెయ్యాలనిపించింది. నా పరిశోధన స్త్రీల రామాయణం పాటల మీద. ఇక్కడి కలంకారీలోనూ ఎక్కువగా రామాయణమే, బొమ్మల కింద తెలుగులో ఆ కథ పేర్లే. కలం అంటే పెన్ను కదా, నేను బతుకుతున్నదీ దాంతోనే, ఈ కలం కూడా పట్టుకుని చూద్దామన్న సరదా కొంత.

ఈ కలం సంగతి వేరు. సన్నటి వెదురు పుల్లకి మొన చెక్కి, మొనకి కొంచెం పైన ఉన్నిగానీ పాత గుడ్డగానీ ఉండలా చుట్టి, దారంతో బిగిస్తారు. రంగులో ముంచితే ఆ ఉండ పీల్చుకుంటుంది. వేళ్ళతో మెల్లగా నొక్కితే రంగు మొన దాకా జారుతుంది. ఎంత నొక్కితే ఎంత జారుతుందన్నది పుస్తకంలో రాసేది కాదు. మచిలీపట్నం దగ్గర పెడనలో అయితే టేకు అచ్చులతో అద్దుతారు. ఇక్కడ అచ్చు లేదు, ప్రతి గీతా చేతిదే.

మేం వెళ్ళేసరికే గుడ్డలు సిద్ధంగా ఉన్నాయి. గాడా గుడ్డని ఉతికి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేశారట. పాలల్లోని కొవ్వు వల్ల రంగు పాకదు. కరక్కాయ వగరు వల్ల నలుపు పట్టుకుంటుంది. ‘ప్రిపరేషన్ అంతా ముందే చేసిపెట్టాం, మీరు నేరుగా కళలోకి దిగవచ్చు’ అన్నారు నిర్వాహకులు. ఆ మాటకి అందరం సంతోషించాం. పాల వాసన, ఈగలు మాకు లేకుండా పోయాయి.

చింతబరికెల బొగ్గుతో బొమ్మ గీసుకోవడం మొదటి రోజు పని. బొగ్గుగీతని దులిపేసి మళ్ళీ గీయవచ్చు. అసలు పరీక్ష రెండో రోజు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవాన్ని కసిం అంటారు. పాత్రలో చూస్తే మురికి నీళ్ళలా ఉంటుంది. గుడ్డ మీద పెట్టగానే, కళ్ళముందే నల్లబడుతుంది. ఇక చెరపడం ఉండదు. కంప్యూటర్లో వాక్యాన్ని ఇరవైసార్లు తిరగరాసే అలవాటున్న దాన్ని నేను. సీత ముక్కు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆగినచోట పెద్ద చుక్క.

‘వణకతా ఉండాదే మేడమ్ చెయ్యి’ అన్నారెవరో వెనకనుంచి. యాభై ఏళ్ళుంటాయి. చేతులకి మోచేతుల దాకా పసుపు, ఎరుపు కలిసిన మరక. నా చేతిలో కలం తీసుకోలేదు. నా చూపుడువేలు మీద తన వేలు పెట్టి నొక్కింది. చుక్కని సీత ముక్కుపుడకగా మార్చేశాం. అప్పటినుంచీ ఆమెని అక్కా అని పిలిచాను. కాసేపటికి ఆమె కూడా మేడమ్ మానేసి పాపా అంది. ముప్ఫై ఆరేళ్ళ పాపని.

గురువుగారు మంచివాడు. ఆయన తండ్రి గీశాడు, ఇప్పుడు ఈయన. గీత గురించి మాట్లాడుతుంటే వినాలనిపిస్తుంది. ‘కలం ఎత్తకుండా కన్ను గీయాల, ఎత్తితే చూపు తెగిపోతాది’ అంటారు. ఈ ఇంట్లో గీత ఆయనది. రంగులు కాచేది ఆయన భార్య, రంగు నింపేదీ ఉతికేదీ ఎదురింటి అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. అక్కకి రోజుకూలీ. గురువుగారి భార్యని మీకెంతని అడిగితే నవ్వి, ‘ఇంట్లో పనికి కూలేందమ్మా’ అంది.

ఈ కళ చరిత్ర చెప్పాలంటే ఒక స్త్రీ పేరు చెప్పక తప్పదు. గత శతాబ్దం మధ్యలో ఇది దాదాపు కనుమరుగవుతున్నప్పుడు కమలాదేవి చటోపాధ్యాయ పట్టుబట్టి నిలబెట్టారు. 1950ల చివర్లో ఈ ఊళ్ళో ప్రభుత్వ శిక్షణ మొదలైంది. ఆ తర్వాత వినపడే పేర్లు ఎక్కువగా మగవాళ్ళవే. జె. గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, రావలసిందే. ఇప్పుడు గీత నేర్చుకుని సొంతంగా గీస్తున్న ఆడవాళ్ళూ ఉన్నారు. అయినా మా వర్క్‌షాపు కరపత్రంలో ఉన్నది గురువుగారి ఫోటో, ఆయన పేరు, ఆయన తండ్రి పేరు. సగం పనిని ఎవరు చేస్తారో అందులో లేదు.

మూడో రోజు పటిక. నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది ఇదే. ఎరుపు రావలసిన చోటల్లా ముందు పటిక నీళ్ళు పూయాలి. పటిక నీళ్ళకి రంగు లేదు. సీత చీరలో ఎర్రంచు, రవిక, చెట్ల పూలు, అన్నీ ఖాళీ గుడ్డ మీద ఖాళీ నీళ్ళతో నింపుతూ పోవాలి. తడి ఉన్నంతసేపే కనపడుతుంది, ఆరితే ఎక్కడ పూశామో మనకే తెలియదు. అక్క మాత్రం నా గుడ్డని ఒకసారి ఎండకేసి వాల్చి చూసి, ‘ఈ పువ్వు వదిలేసినావు’ అంది. తర్వాత గుడ్డని ఉతికి, మంజిష్ఠ లాంటి వేళ్ళూ చెక్కలూ వేసిన కాగులో ఉడికిస్తే, పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతాచోట్ల గులాబీ ఛాయగా ఉంటే గొర్రెపేడ నీళ్ళలో రాత్రంతా నానేసి, ఉతికి, ఎండేసి పోగొడతారు.

ఇందులో మేం చేసింది పూయడం ఒక్కటే.

పటిక పూసిన గుడ్డని పారే నీళ్ళలోనే ఉతకాలి. పారే నీళ్ళలో మిగులు పటిక కొట్టుకుపోతుంది, నిలవ నీళ్ళలో అది తిరిగి గుడ్డకే అంటి ఎరుపు హద్దు దాటుతుంది. అందుకే ఈ పని నది ఒడ్డున పెరిగింది. గుడి పక్కనే స్వర్ణముఖి. మేం వెళ్ళినప్పుడు కనపడినంత మేరా ఇసకే. నిర్వాహకులు మమ్మల్ని ఆ ఇసకలోకి తీసుకెళ్ళి, గుడ్డలు చేతుల్లో పరిచి పట్టుకోమని ఫోటోలు తీశారు. చాలా బాగా వచ్చాయి ఆ ఫోటోలు. తర్వాత పద్నాలుగు గుడ్డల్నీ మూట కట్టి అక్కా వాళ్ళూ ఆటోలో ఊరవతల పొలంలోని బోరు దగ్గరికి తీసుకెళ్ళారు. తెల్లారి ఐదింటికి, కరెంటు ఉన్నప్పుడు. నేను కూడా వస్తానంటే, ‘మీ షెడ్యూల్లో యోగా ఉంది కదా’ అన్నారు నిర్వాహకులలో ఒకావిడ. యోగా ఎగ్గొట్టి వెళ్ళాను. మోటారు నీళ్ళు కాలవలోకి పడేచోట వంగి, ఒక్కో గుడ్డని రెండు చేతులా పరిచి పట్టుకుని ఊపుతుంటారు. పిండకూడదు, రుద్దకూడదు. నేను మూడు గుడ్డలకే నడుం పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. అక్క ఇరవై మూడేళ్ళుగా చేస్తోంది.

అక్కడే అడిగింది, నువ్వేం చదివినావని. చెప్పాను. స్త్రీల పాటలు, ఊర్మిళాదేవి నిద్ర, పురుష రామాయణంలో వినిపించని గొంతులు... క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

‘ఎవురు పాడినారు ఆ పాటలు?’

‘పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు. తొమ్మిదిమంది దగ్గర రికార్డు చేసుకున్నాను.’

‘వాళ్ళ పేర్లు వేసినావా బుక్కులో?’

వెయ్యలేదు. వాళ్ళ వివరాలు బయటపెట్టకూడదని పరిశోధన నియమం, అందుకని గాయని-1, గాయని-2 అని అంకెలు ఇచ్చాను అని చెప్పాను. ఆ నియమం వెనక మంచి కారణమే ఉంది. దాన్ని అక్కకి వివరిస్తుంటే నాకే అది ఎక్కడినుంచో తెచ్చి తగిలించినట్టు వినిపించింది.

‘దుడ్లిచ్చినావా పోనీ?’

‘లేదక్కా. చీరలు పెట్టాను.’

అక్క గుడ్డ తిప్పి పట్టుకుని నవ్వింది. ‘పేరూ లేదు, దుడ్లూ లేవు. చీరన్నా పెట్టినావు లే.’

నాకు గాయని-4 గుర్తొచ్చింది. పాట అయిపోయాక టేపు ఆపుతుంటే, ‘నా పేరు పుస్తకంలో పడుద్దా అమ్మా?’ అని అడిగింది. ‘చూద్దాం మామ్మగారూ’ అన్నాను. ఏం చూశాను? అదృశ్య శ్రమ గురించి ముప్ఫై పేజీల అధ్యాయం రాసి, అందులో ఆమెని నాలుగో నెంబరు చేశాను. వైవాలో ఆ అధ్యాయాన్నే ఎక్కువ మెచ్చుకున్నారు. ఆమె 2021లో పోయింది.

నాలుగు, ఐదు రోజులు తొందరతొందరగా గడిచాయి. మళ్ళీ పాలలో ముంచి, కరకపువ్వు ఉడికించిన పసుపు, ఆ పైన నీలం. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ఇక్కడి సంప్రదాయంలో స్త్రీలకి పసుపు వన్నె, దేవుళ్ళకి నీలం. ఈ పసుపు మీద నా దగ్గర ఒక సిద్ధాంతం కూడా తయారైంది. అక్కనడిగితే ‘ఆడోళ్ళు పసుపు పూసుకుంటారు గదా’ అని కొట్టిపారేసింది. నేను సీత ముఖం నింపాను. టైము లేదని చెట్లు, ఆకులు, అంచులో హంసలు అన్నీ ఆడవాళ్ళే నింపేశారు, నావే కాదు, అందరివీ. ఐదో రోజు సాయంత్రం నిర్వాహకులు కసిం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, ‘ఇప్పుడు మీ కళాఖండం మీద మీ సంతకం’ అన్నారు. చప్పట్లు కొట్టుకుంటూ పెట్టాం. ఆ సమయానికి అక్కావాళ్ళు పెరట్లో కాగులు తోముతున్నారు. చెయ్యి వణక్కుండా నేను గీసిన గీత ఆ సంతకం ఒక్కటే.

ఏప్రిల్‌లో ఓ స్నేహితురాలు ఇంటికొచ్చి గుడ్డని చూస్తూ, ‘ఆ ఆకుల్లో రంగు ఎంత పొందిగ్గా ఉందే’ అంది. అది అక్క నింపిన చోటు. అప్పుడు ‘అవును’ నోట్లోంచి రాలేదు. ఆ రాత్రే అక్కకి ఫోన్ చేశాను. నా పేరు పక్కన నీ పేరూ రాయాలనుకుంటున్నాను, గురువుగారి దగ్గర కొంచెం కసిం తెప్పించుకుంటాను అన్నాను. చాలా ఉద్వేగంగానే చెప్పి ఉంటాను.

‘వద్దు తల్లీ!’ అంది వెంటనే. ‘ఆ వంకర సీతమ్మని నేను గీసినాననుకుంటారు.’

నాకేం మాట్లాడాలో తోచలేదు. అక్కే అందుకుంది. ‘వచ్చే నెల ఇంకో గుంపు వస్తా ఉండారంట, ఇరవైమంది. మీవోళ్ళకి చెప్పు, గుడ్డకింతని ఇమ్మను. పదైనా ఇరవైయైనా అదే కూలీ అంటే యాడ సాలుతుంది?’

పేరు నా బాధ, రేటు ఆమె బాధ. ఈ రెండింటినీ కలిపి ఒకటే అనుకుంటూ ఇన్నాళ్ళూ వ్యాసాలు రాశాను. మా పద్నాలుగు మంది వాట్సాప్ గ్రూపులో విషయం పెట్టాను. బొటనవేళ్ళు, చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి. ఉతుకు, రంగు పనికి గుడ్డ లెక్కన విడిగా చెల్లించాలని, కరపత్రంలో ఆ పనిచేసే నలుగురి పేర్లూ వాళ్ళు ఒప్పుకుంటే వెయ్యాలని రాసిన ఉత్తరం మీద సంతకం పెట్టింది ఆరుగురు. కూలీ సంగతి గురువుగారి ఇంటి విషయమని, సూచన గమనంలోకి తీసుకున్నామని నిర్వాహకుల జవాబు. గురువుగారికి ఫోన్ చేశాను. ఆయనకి కోపం రాలేదు, ‘వాళ్ళు నాకిచ్చేదే లెక్కగట్టి చూడమ్మా’ అని తన భాగం ఎంతో చెప్పారు. మేం కట్టిన ఫీజులో అది నేననుకున్నదానికంటే చాలా తక్కువ. ఆ అంకెతో రెండో ఉత్తరం రాశాం.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా రావలసి ఉంది. మిగిలిన గాయనుల ఇళ్ళకి మళ్ళీ వెళ్తున్నాను. ఐదుగురు పేరు వెయ్యమన్నారు, ఒకావిడ వద్దంది. గాయని-4 కూతురు పేరుతోపాటు ఫోటో కూడా వెయ్యమని ఇచ్చింది, పెళ్ళినాటిది.

రెండో ఉత్తరానికి గుడ్డకి నలభై రూపాయలు ఇచ్చేట్టు ఒప్పుకున్నారు, పేర్ల మాట ఎత్తలేదు. ఈ కబురు చెబుదామని అక్కకి ఫోన్ చేస్తే వెనక మోటారు మోత.

‘నలభై అంటే నలభై చేతికొచ్చినాక చెప్తాలే. నీళ్ళు పడ్డాయి, పోవాల’ అని పెట్టేసింది.