సాగరతీరాన ఎర్ర ఎడారి!

నర్సీపట్నం అనగానే పర్యటకులకు గుర్తొచ్చేది లంబసింగి చలి. సెలవొస్తే చాలు, బళ్లన్నీ కొండవైపే! అదే ఊరి నుంచి ఓ ఆదివారం కొండకు వీపు పెట్టి సముద్రంవైపు బయల్దేరితే... మాకవరపాలెం మీదుగా తాళ్లపాలెం, అక్కడ హైవే ఎక్కి అనకాపల్లి, విశాఖ. ఆపైన బీచ్‌రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే, ఊరు ఇంకో నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా నేల రంగు మారిపోతుంది. అవే ఎర్రమట్టి దిబ్బలు.

ఓ పక్క నీలి సముద్రం. మరోపక్క కుంకుమ ఆరబోసినట్టు ఎర్రటి మట్టిగోడలు. వాటి మధ్య మెలికలు తిరిగే ఇరుకు దారులు. లోపలికి నాలుగడుగులు వేస్తే అలల హోరు కూడా వినిపించదు. ఎన్నో తెలుగు సినిమాలు ఇక్కడ షూటింగ్ చేసుకున్నాయి. అరేబియా ఎడారికి విమానం ఎక్కే ఖర్చు లేదు మరి!

కొండ మట్టే... కడలి ఇసుకే!

చూడ్డానికి ఎడారిలా ఉన్నా ఇది ఎడారి కాదు. ఏటా వానలు పడే చోటే. అసలు ఈ దిబ్బల కథ మొదలయ్యేది తూర్పు కనుమల్లో, అంటే నర్సీపట్నం వెనకున్న కొండలు ఏ వరుసలోవో ఆ వరుసలోనే. అక్కడి ఖోండలైట్ రాళ్లు ఎండకూ వానకూ చివికి మట్టీ ఇసుకా అవుతాయి. గెడ్డలు వాటిని తీరానికి మోసుకొస్తాయి.

సుమారు 20 వేల ఏళ్ల క్రితం హిమయుగం తారస్థాయిలో ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా తక్కువ. కడలి వెనక్కి వెళ్లడంతో బయటపడిన ఇసుకను గాలి ఎత్తుకొచ్చి గుట్టలు పోసింది. ఆ ఇసుకలోని ఇనుము ఏళ్లతరబడి తుప్పు పట్టి, ప్రతి రేణువుకూ ఎర్రటి పూత వేసింది. తర్వాత వాన తన వంతుగా వాటిని కోసి లోయలు చేసింది. గాలి కట్టింది, నీరు చెక్కింది!

కోతపడ్డ గోడను పరిశీలనగా చూస్తే పొరలు తెలుస్తాయి. అడుగున పసుపు ఇసుక, దానిపైన గట్టి ముద్దలున్న గోధుమ ఎరుపు పొర, ఆపైన ఇటుక ఎరుపు, అన్నిటికన్నా పైన లేత పసుపు. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడు, శ్రీలంక తీరాల్లోనూ ఉన్నాయి.

భీముడు... ఫరో నిధి

జోర్డాన్‌లోని వాదీరమ్ ఎడారి ఎరుపుకి కారణం కూడా ఇనుమే. 2015లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ద మార్షియన్'లో అంగారక గ్రహంగా కనిపించింది ఆ ఎడారే. అక్కడి నేలకు కథలు చెప్పేది బెడూయిన్లు. ఆ దేశంలోనే ఉన్న పెట్రాలో కొండను తొలిచి కట్టిన ఓ భవనం నెత్తిన పెద్ద రాతికలశం ఉంటుంది. అందులో ఫరో చక్రవర్తి నిధి దాచాడని నమ్మి, పగిలితే బంగారం రాలుతుందని తుపాకులతో కాల్చారట. గుళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. కలశం మాత్రం లోపలంతా రాయే!

మన భీమిలికీ ఓ కథ ఉంది. బకాసురుణ్ని భీముడు చంపింది ఇక్కడేననీ, కొండమీద నరసింహస్వామిని ప్రతిష్ఠించిందీ ఆయనేననీ, ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందనీ స్థానికులు చెబుతారు.

మిగుల్చుకుంటామా?

జోర్డాన్ కొండలు రాతివి కాబట్టి తుపాకీ గుళ్లకు తట్టుకున్నాయి. మన దిబ్బలు రాయి కాదు, వేలితో గీకితే రాలే మట్టి. ఒక్క యంత్రం ఓ పూట పనిచేస్తే వేల ఏళ్ల పొరలు చదునైపోతాయి. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు దక్కింది. అయినా 2024 జులైలో దిబ్బల సమీపంలో ఇళ్ల స్థలాల కోసం తవ్వకాలు మొదలయ్యాయి. జనం గగ్గోలు పెట్టాక పనులు ఆగాయి. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు ఈ దిబ్బలు కూడా యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ జాబితా ప్రపంచ వారసత్వ హోదాకు మొదటి మెట్టు మాత్రమే. అసలు హోదా రావాలంటే అప్పటికి దిబ్బలు మిగిలుండాలి కదా!

వెళ్లేవారు అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో, ఉదయం గానీ సాయంత్రం గానీ వెళ్తే ఎండ బాధ ఉండదు. ఆ ఏటవాలు వెలుగులో ఎరుపు మరింత తేరుతుంది. మంచినీళ్లు వెంట ఉండాలి. అంచులు జారతాయి కాబట్టి పిల్లల్ని పైకి ఎక్కనివ్వకూడదు. గోడలమీద పేర్లు చెక్కకూడదు, సీసాలూ కవర్లూ పారేయకూడదు. గుడారానికొచ్చిన బాటసారిని మూడురోజులదాకా ఎందుకొచ్చావని అడగకపోవడం బెడూయిన్ల మర్యాదంటారు. ఈ దిబ్బలూ అంతే, ఎవరినీ ఏమీ అడగవు. వచ్చినవాళ్లే చుట్టంలా మసలుకోవాలి.