ఉపన్యాసము లేనినాడు సభకు పోవుట

మనవారికి ఆరంభశూరులను బిరుదము ఎవరిచ్చిరో కాని, దానిని మాత్రము మనము మిక్కిలి జాగ్రత్తగా కాపాడుకొనుచున్నాము. ఉగాదినాడు కొన్న దినచర్యపుస్తకము వైశాఖమాసమునాటికి పాలపద్దుల పుస్తకమగును. వేకువజామున నడచుటకై తెచ్చిన బూట్లు తొలకరికి మంచము క్రిందికి చేరును. భర్తృహరి మనుష్యులను మూడు తెగలుగా విభజించెను: విఘ్నములకు వెఱచి మొదలుపెట్టనివారు, మొదలుపెట్టి విఘ్నము రాగానే మానువారు, ఎన్ని విఘ్నములు తగిలినను విడువనివారు. మేము బడిపంతులము, వయస్సు నలువది దాటినది. తరగతిలో ఈ సంగతి వచ్చినపుడెల్ల “మీరే తెగవారు?” అని పిల్లల నడుగుచుందుము. అందఱును నవ్వి “రెండవ తెగ” అందురు. ఆ నవ్వులోనే చిక్కున్నది. నవ్వి యూరకొన్న దోషము మన యింట స్థిరనివాస మేర్పఱచుకొనును.

కొత్త యలవాటు చెడిపోయినపుడు పెద్దలు సోమరితనమును నిందింతురు. సోమరితనము కొంత కారణము కావచ్చును. కాని మా యూరి వక్తృత్వసమాజమును కొన్ని సంవత్సరములుగా దగ్గఱనుండి చూచిన పిమ్మట, అంతకంటె బలమైన కారణము వేఱొకటి కలదని మాకు తోచుచున్నది.

ఈ సమాజము ప్రతి ఆదివారము సాయంకాలము ఒక గ్రంథాలయపు మేడమీద కూడును. మొదటినాడు 40 మంది పేరులు వ్రాయించుకొనిరి. కుర్చీలు చాలక కొందఱు కిటికీగట్టులపై కూర్చుండిరి. నాలుగవ మాసమునకు వచ్చువారు 9 మంది. వాట్సాపు గుంపులో మాత్రము 40 మందియు నుండిరి; “తప్పక వత్తుము” అని చేతులు జోడించిన బొమ్మలు పంపుచునే యుండిరి.

ఇందులకు కారణము చిన్న లెక్కలోనే దొరకును. సభకు ముగ్గురు చొప్పున మాటలాడుదురు. 40 మందికి ఒక వరుస తిరుగుటకు 14 వారములు పట్టును. తన వంతునాడు మాత్రమే వచ్చు సభ్యుడు ఏటికి నాలుగుసారులకు మించి రాడు. అందఱును ఆ నియమమునే పాటించినచో ప్రతి ఆదివారమును ముగ్గురు వక్తలు ఒకరికొకరు ఉపన్యసించుకొని ఇండ్లకు పోవలసి వచ్చును! మఱియు తన వంతు తీర్చుకొన్నవానికి మఱల వచ్చుటకు హేతువేమి? చప్పట్లు పడినవాడు తృప్తిచే రాడాయెను. పడనివాడు సిగ్గుచే రాడాయెను. కాబట్టి వక్తృత్వసమాజమును బ్రదికించువాడు వక్త కాడు. ఆనాడు తనకు ఉపన్యాసము లేకున్నను వచ్చి కూర్చుండువాడు. అతడు వచ్చుటకేదైన పని కల్పింపవలయును. ఈ విషయమున నేర్పు చూపినవారు లేకపోలేదు.

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంటా ఆనా పట్టణములో 1924 అక్టోబరు 22వ తేదీని రాల్ఫ్ స్మెడ్లీ యను నతడు వై.ఎం.సి.ఎ. భవనపు నేలమాళిగలో ఒక వక్తృత్వసభను కూర్చెను. టోస్టుమాస్టర్సు అని నేడు లోకమంతట నెఱుగబడు సంఘమునకు అది మొదలు. హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరములలోను దాని శాఖలు గలవు. ఆ సభలలో ఉపన్యసించువారు కొందఱే యైనను పని గలవారు అనేకులు. ఒకరు కాలమును చూచుచు, అయిదు మొదలు ఏడు నిమిషముల ఉపన్యాసమున అయిదవ నిమిషమునకు పచ్చదీపము, ఆరవదానికి పసుపుదీపము, ఏడవదానికి ఎఱ్ఱదీపము చూపుదురు. ఒకరు వక్తనోట దొరలిన “ఆ”, “ఊ” అను నిరర్థకధ్వనులను లెక్కింతురు. ఒకరు భాషాదోషములను గుర్తింతురు. ఒక్కొక్క ఉపన్యాసమునకు ఒక్కొక్క విమర్శకుడుండును. ఈ యేర్పాటు సభామర్యాదకొఱకే యనుకొందుము గాని, ఇందొక లోతైన యుపాయము గలదు. పని యొప్పుకొన్నవాడు రాకున్న ఆ పని యాగును. ఆగినసంగతి అందఱికిని తెలియును. మన సంకల్పమునకంటె ఇతరుల యెదురుచూపు మనలను గట్టిగా పట్టి నిలుపును.

మా సమాజమువారును ఈ పద్ధతినే తమకు తగినట్లు మార్చుకొనిరి. తెలుగువాడు “ఆ”, “ఊ” లతో తృప్తినొందడు గావున “అంటే”, “ఏమిటంటే”, “అన్నమాట” అను మూటిని లెక్కించు పనిని ఒక కళాశాల విద్యార్థి కప్పగించిరి. ఉద్యోగవిరమణ చేసిన ఒక పెద్దమనుష్యుడు ఆరు నిమిషములలో 23 పర్యాయములు “అన్నమాట” అన్నట్లు ఆ బాలుడు వినయముతో విన్నవించెను. సభ గొల్లుమనెను. ఆ పెద్దమనుష్యుడు కోపగించి మానునని అందఱును భయపడిరి. ఆయన మానలేదు సరికదా, నాటినుండి ఒక్క ఆదివారమును తప్పలేదు. తక్కినవారి లెక్క వినుటకే వచ్చుచున్నానని చెప్పుచుండును! ఏడాది తిరుగునప్పటికి వారమునకు పాతికమంది చేరుచుండిరి.

ఈ పాతికమందిలో ఒక సోదరి ముచ్చట చెప్పవలయును. ఆమె ప్రక్కగ్రామమున అంగన్‌వాడీ కార్యకర్త. మాటలాడుమన్నచో తల యడ్డముగా త్రిప్పెడిది. కాలము చూచు పని మాత్రము ఒప్పుకొనెను. ఎనిమిది నెలలు గడియారము చేతబట్టి కూర్చుండి, ఎవరెట్లు మొదలుపెట్టుదురో, ఎక్కడ దారి తప్పుదురో, ఎట్లు ముగింపలేక తడబడుదురో అంతయు కనిపెట్టెను. తొమ్మిదవ నెలలో వారి గ్రామసభ జరిగెను. పిల్లల కేంద్రమునకు కుళాయి లేదని, బిందెతో నీరు మోయించుచున్నామని అధికారుల యెదుట లేచి నాలుగు నిమిషములు చెప్పెను. నాలుగు నిమిషములకే ముగించి కూర్చుండెను. ఆ మాట తీర్మానముల పుస్తకమున కెక్కెను. కుళాయి పిమ్మట వచ్చినది.

ఆమె యలవాటు నిలుచుటకు గడియారమొక్కటియే కారణము కాదు. పురుషుడు ఆదివారము సభకు పోవలెనన్న చెప్పులు తొడిగికొన్న చాలును. స్త్రీ పోవలెనన్న కూర తరిగి యుంచవలె, పిల్లల బట్టలు చూడవలె, అత్తగారి మందు అందించి పోవలె. ఆ యింట మొదట “ఆదివారమైనా ఇంటిపట్టున ఉండరాదటమ్మా!” అని అత్తగారు నొచ్చుకొనిరట. భర్త “ఆదివారము వంట నాదే నమ్మా” అని పొయ్యి వెలిగించెనట. మొదటి వారము చారు ఉప్పు కషాయమైనను అతడు మానలేదు. అనగా ఆ యింట కుదిరిన కొత్త యలవాట్లు రెండు. మొదటిది రెండవదాని యాధారముననే నిలిచినది. ఇంటిలో ఇంకొకరు చేయి వేయనిచో, స్త్రీలు తలపెట్టిన యలవాట్లు చెడుటను చూచి వారి మనస్సు చంచలమనుట అన్యాయము. మేము పైన కొనియాడిన టోస్టుమాస్టర్సు సంఘము సైతము స్త్రీలకు సభ్యత్వము నిచ్చుట 1973వ సంవత్సరమున గాని జరుగలేదు!

వ్యక్తినియమము, సభ అనునవి రెండును జోడుగా నడువవలయునని బెంజమిను ఫ్రాంక్లిను జీవితము తెలుపుచున్నది. అతడు పదుమూడు సుగుణముల పట్టికవేసి, వారమున కొక్క గుణముపై దృష్టి నిలిపి, తప్పినపుడెల్ల చిన్నపుస్తకమున నల్లచుక్క పెట్టుకొనెను. ఆ ఫ్రాంక్లినే 1727లో, 21 ఏండ్ల ప్రాయమున, ఫిలడెల్ఫియాలో మిత్రులతో జుంటో యను గోష్ఠిని స్థాపించెను. శుక్రవారము సాయంకాలములందు కూడుదురు. ప్రతివాడును తన వంతున ప్రశ్నలు తేవలె, మూడు నెలల కొకసారి స్వయముగా వ్రాసిన వ్యాసము చదువవలె. పట్టుదలతో ఖండించి మాటలాడినవారు స్వల్పముగా జుల్మానా చెల్లింపవలె. క్రమము అను గుణము తనకు చివరివరకు పట్టుపడలేదని, అయినను ప్రయత్నింపనివానికంటె మెఱుగైతినని అతడు స్వీయచరిత్రమున నొప్పుకొనెను. నల్లచుక్కలను చూచి పుస్తకమును పాఱవేయకుండుటయే అతని గొప్పతనము.

ఈ తుదిమాట మనకు ముఖ్యము. ఒకనాడు తప్పినచో వ్రతభంగమైనదని సర్వము విడిచిపెట్టు స్వభావము మనలో గలదు. విలియము జేమ్సు 1890లో ప్రకటించిన మనశ్శాస్త్రగ్రంథమున, అలవాటు వేరూనువఱకు ఒక్క మినహాయింపునైన సహింపరాదని బోధించెను. అది ధీరుల మాట. లండను యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ మొదలగువారు 96 మందిని పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితము కొంత ఊఱట కలిగించునది. దినదినమును ఒక సమయమును పట్టుకొని, ఫలాహారము కాగానే యనునట్లు, ఒక పని చేయించి చూచిరి. అది తలపకయే జరుగు స్థితికి వచ్చుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టెను. మనిషినిబట్టి 18 మొదలు 254 దినములవఱకు భేదము గలదని లెక్కగట్టిరి. నడుమ ఒకనాడు తప్పినంతమాత్రమున పెద్ద నష్టము రాలేదు. కాబట్టి పొరుగువాని కిరువది దినములలో కుదిరినది మనకు కుదురలేదని చింతింప పనిలేదు.

అయితే సభ వారమున కొక్కసారి వచ్చునది. దానినే నమ్ముకొన్న అలవాటు ముదురుట ఆలస్యమగును. అందుచే మేము ప్రతిదినము ఉదయపు కాఫీ కాగానే పది నిమిషములు ఏదైన నొక గద్యభాగమును బిగ్గఱగా చదువుచున్నాము. తప్పిన దినము తప్పినదే. మఱునాటి కాఫీ మఱల పిలుచును. ఆదివారము ఆ పది నిమిషములకు పరీక్ష. ఆ పది నిమిషములు ఆదివారమునకు పెట్టుబడి.

చదువరులారా, వక్తృత్వము కొందఱి యాభరణమని మన మనుకొనినంతకాలము ఊరిసభలలో మాటలాడువారు నలుగురే యుందురు. కుళాయిలు వారి వీధులకే వచ్చును. ఈ వచ్చు ఆదివారము మీ యూరిలో ఇట్టి సభ యున్నచో, మీకు ఉపన్యాసము లేకున్నను పొండు. గడియారము చూచు పనియైన నడిగి పుచ్చుకొనుడు. మీ యింట ఇంకొకరికి పోవలెనని కోరిక యున్నచో, ఆ పూట పొయ్యి మీరు వెలిగింపుడు.