ఓట్ల లెక్క సరే, అసలు సంగతి?

రావి నారాయణరెడ్డి పేరెత్తగానే మనవాళ్లు చెప్పేది ఒక్కటే: "మొదటి ఎన్నికల్లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు." క్విజ్ పోటీల్లో అదే, గ్రూప్స్ గైడ్లలో అదే. నా మటుకు నాకు అది ఆయన రాజకీయ జీవితంలో రెండో గొప్ప విషయం. మొదటిది వేరే ఉంది.

ముందు ఓట్ల సంగతి తేల్చేద్దాం. 1952లో నల్లగొండలో ఆయనకొచ్చినవి 3,09,162. నెహ్రూకి 2,33,571. "నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం, ఒక్కొక్కరికి రెండేసి ఓట్లు, అందుకే అన్ని పడ్డాయి" అని కొందరు తీసిపారేస్తారు. అయ్యా, నెహ్రూ గెలిచిందీ ద్విసభ్య నియోజకవర్గంలోనే! కాబట్టి పోలికలో తప్పేం లేదు.

తాండూరు వాడివి, నీకెందుకీ గోల అంటారా? నిజమే, సాయుధ పోరాటం జ్ఞాపకాలు మా దిక్కు పెద్దగా లేవు. అప్పట్లో మా తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది, ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది 1956లో. పక్కనున్న వికారాబాద్‌లో 1952లో గెలిచింది కాంగ్రెస్ తరఫున మర్రి చెన్నారెడ్డి. కాబట్టి ఈయన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన అవసరం గానీ, తిట్టాల్సిన అవసరం గానీ మాకు లేదు. ఒకరకంగా అదీ మంచిదే, తీరిగ్గా ఆలోచించొచ్చు.

1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట్లో పుట్టాడు. హరిజన సేవా సంఘంలో పనిచేశాడు. 1941లో చిలుకూరు ఆంధ్ర మహాసభకి అధ్యక్షుడయ్యాడు. తన వర్గం మీదే జరిగిన పోరాటానికి నాయకుల్లో ఒకడయ్యాడు. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఇప్పుడేం చెయ్యాలి? కొనసాగించాల్సిందే అన్నారు సుందరయ్య వైపు వాళ్లు. అదేమీ చిన్న వాదన కాదు. సైన్యం వెనకాలే దొరలు ఊళ్లకు తిరిగొస్తున్నారు, రైతులు దున్నుకుంటున్న భూముల్ని లాక్కుంటున్నారు. వాళ్లను ఉత్త చేతులతో వదిలేసి పోవడం ఎలా?

రావి నారాయణరెడ్డి మాత్రం ఆపేద్దాం అన్నాడు. శత్రువు మారాడు, జనం ఆలోచన కూడా మారింది, ఇక తుపాకీతో లాభం లేదన్నాడు. పార్టీ అప్పుడు వినలేదు. చివరికి పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. పార్టీ లెక్కల ప్రకారమే మొత్తం పోరాటంలో పోయినవాళ్లు నాలుగు వేల మంది.

ఈ మాటంటే వికారాబాద్‌లో ఉండే మా బాబాయి ఒప్పుకోడు. "అంతమంది సచ్చినంక ఆపుదామన్నోడు నాయకుడెట్ల అయితడురా?" అంటాడు. నా జవాబు ఒకటే: "అంతమంది పోయారు కాబట్టే బాబాయ్, ఆ మాట ఎవరో ఒకరు అనాలి." నమ్మి వెంట వచ్చినవాళ్లతో పోరాడదాం రండి అనడానికి ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను. ఇక చాలు, ఇంటికి పోదాం అనడానికి ఇంకా ఎక్కువ కావాలి. మొదటి మాటకి జేజేలు కొడతారు. రెండోదానికి సొంతవాళ్ల చేతే మాట పడాలి.

నేను పనిచేసిన ఒకచోట, క్లయింటు వేరే ప్రొడక్టు కొనేసుకున్నాడని అందరికీ తెలిశాక కూడా ఆర్నెల్లపాటు నైటౌట్లు చేయించారు. ఆపేద్దామని లీడ్ దగ్గర్నుంచి మేనేజర్ దాకా ఒక్కరూ అనలేదు, అంటే తమ పేరు పోతుందని. అక్కడ పోయింది మా వీకెండ్లు. ఇక్కడ ప్రాణాలు.

ఇంకోటి చూడండి. విరమించిన కొద్ది నెలలకే ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం, అందుకని పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. పోరాటంలో ఇంటిమనిషిని పోగొట్టుకున్న ఊళ్లే వెళ్లి ఓట్లేశాయి. ఆపమన్నవాడిని జనం పిరికివాడనుకుని ఉంటే మూడు లక్షల ఓట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పోరాడినందుకు వచ్చినవి అందులో చాలా ఉంటాయి, కాదనను. కానీ అన్నీ అవే అంటే నేను నమ్మను.

1957లో భువనగిరి ఎమ్మెల్యే, 1962లో మళ్లీ నల్లగొండ ఎంపీ. 1964లో పార్టీ చీలితే సీపీఐలోనే ఉండిపోయాడు. 1991లో చనిపోయాడు.

నల్లగొండ దిక్కు వాళ్లెవరైనా ఉంటే, మీ ఇళ్లల్లో ఆనాటి పెద్దవాళ్లు ఇంకా మిగిలుంటే అడగండి. ఓట్ల గురించి కాదు. ఆపేయమన్నప్పుడు ఏమనిపించింది అని.