సంగడి

క్లాసులో 'సంగడికాడు' అనే మాట వచ్చినప్పుడల్లా నేను పాఠం వదిలేసి కొల్లేట్లో పడతాను. అలంకారానికి అనడం లేదు. ఒకసారి నిజంగానే పడ్డాను.

సంగడి అంటే స్నేహం. జతచేసి కట్టిన రెండు దోనెలకీ నిఘంటువులో అదే పేరు. పెదపాడులో మా మామయ్యకి అలాంటి జంట వుండేది. తాటిమొద్దులు తొలిచి, అడ్డంగా వెదుళ్లు వేసి బిగించినది.

1989లో, నా తొమ్మిదో యేట, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మని దర్శించుకుని తిరిగి వస్తున్నాం. సాయంత్రానికి పైరగాలి లేచింది. మామయ్య రెండు గెడలకి పంచె కట్టి, "ఇహ అమ్మవారే తోస్తుందిరా" అన్నాడు.

ఒంటి దోనె పక్కకి ఒరుగుతుంది, జంట ఒరగదు. చిక్కంతా ఆ ధీమాలోనే వుంది. వెనకగాలి పైనున్న పంచెని తోస్తుంది, కింద దోనెల్ని నీళ్లు పట్టి ఆపుతాయి. దాంతో ముక్కులు దిగిపోతాయి. అప్పుడు మనుషుల బరువు తోకవైపు వుండాలి. నేనేమో గూడబాతుల్ని చూడాలని ముక్కు దగ్గరికి పాకాను.

"వెనక్కి రారా!" అని కేక. నాకు వినపడింది. కసిరాడన్న ఉక్రోషంతో ఇంకో జానెడు ముందుకి జరిగాను.

తోక లేచింది. గుర్రపుడెక్కలో చిక్కుకున్న నన్ను మామయ్య జుట్టు పట్టి లాగాడు. ఆయన కండువా కొంగున ముడివేసిన కౌలు డబ్బు మాత్రం దొరకలేదు. ఆ యేడు రెండెకరాలు చేజారాయి. ఇంట్లో అడిగితే, "గాలి తిరగబడింది" అన్నాడు. నా పేరెత్తలేదు.

2008 ఒలింపిక్సులో కేటమరాన్ల పందెం టీవీలో చూశాను. (తమిళుల కట్టుమరమే ఇంగ్లీషులోకి పోయి అలా అయింది.) టోర్నడో అనే ఆ రకం పడవలు 1976 నుంచీ ఒలింపిక్సులో వుండి, ఆ యేటితో శలవు తీసుకున్నాయి. గాలి వెనక్కి మళ్లగానే పడవలోని ఇద్దరూ తోకవైపుకి జరిగారు. ముక్కులు మునగకుండా వుండటానికే. నా చెవిలో పాత కేక మోగింది.

మొన్న సంక్రాంతికి వెళ్లి, ధైర్యం చేసి ఒప్పేసుకున్నాను. మామయ్య కాసేపు మాట్లాడలేదు.

"నీ బరువెంతరా అప్పుడు? పంచె దించాల్సింది నేను. గాలి బాగుందని ఆశపడ్డాను."

వంటింట్లోంచి అత్తయ్య తల బయటపెట్టింది.

"అయితే గాలి కాదన్నమాట!"