పాజిటివ్ అంటే మంచిదేనా?



2018లో మా సంఘపెద్ద ఒకరు మూడు వారాలుగా దగ్గుతూ, ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకొన్నారు. "ఇంగ్లీషులో ఉంది అయ్యగారూ, చదివి చెప్పండి" అని రిపోర్టు మా చేతికిచ్చారు. 'పాజిటివ్' అని ఉంది. వేదాంత డిప్లొమా చదివిన మాకు ఆ మాట తెలియదా? "మంచి రిపోర్టే" అన్నాము. ఆ సాయంత్రం కూడికలో కృతజ్ఞతాస్తుతులు కూడా చెల్లించాము.

పది రోజులకు ఆశా కార్యకర్త వచ్చి, "మందులకు రాలేదేమి?" అని అడిగినప్పుడు గాని మా తప్పు తెలియలేదు. పరీక్షలో పాజిటివ్ అంటే క్రిమి కనబడిందని, నెగెటివ్ అంటే కనబడలేదని అర్థమట. ఆయనకు క్షయ. ఆ పది రాత్రులూ ఆయన చిన్న మనవడు ఆయన ప్రక్కనే పడుకొన్నాడు.

వెళ్లి క్షమాపణ అడిగాము. "మీకు మాత్రం ఏం తెలుసు అయ్యగారూ" అన్నారాయన. ఆ మాట మమ్మును ఇంకా బాధించింది. దేవుని కృపవలన ఆయన ఆరు నెలలు మానకుండా మందులు వాడి స్వస్థులైనారు. పసివానిని కూడా పరీక్షించి ముందుజాగ్రత్త మందు ఇచ్చారు.

ఇప్పుడు మందుచీటీ చేతికిస్తే మేము ఊహించి చెప్పము. 'బి.డి.' అంటే రోజుకు రెండుసార్లు, 'టి.డి.ఎస్.' అంటే మూడుసార్లు, 'ఎస్.ఓ.ఎస్.' అంటే అవసరమైతేనే అని అడిగి నేర్చుకొన్నాము.

ప్రియులారా, రెండు వారాలు దాటిన దగ్గును దాచవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయకు పరీక్ష, మందులు ఉచితం. "అర్థం కాలేదండీ, తెలుగులో చెప్పండి" అని డాక్టరుగారిని అడగండి. నాలుగక్షరాలు చదువుకొన్న మావంటివారు మరీ అడగాలి.