వత్సవాయి నుంచి ద్రాక్షకొండ దాకా

మాది వత్సవాయి. జగ్గయ్యపేట, నందిగామ వైపు వచ్చినవాళ్ళకి మా మెట్ట పొలాలు, మిరప కల్లాలు, మున్నేరు తెలిసే ఉంటాయి. ఇంటర్‌తో చదువాపేసిన నేను ఫ్రాన్స్ చూస్తానని కలలో కూడా అనుకోలేదు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు టిక్కెట్టు పంపితే నెల రోజులు వెళ్ళొచ్చాను.

వెళ్ళిన రోజే ఫ్రిజ్ తెరిస్తే పాల సీసా పక్కన వైన్ సీసా! నా గుండె గుభేలుమంది. ఎందుకంటారా? మా చిన్నతనంలో నాన్న తాగేవారు. మిరపకాయలమ్మిన డబ్బులు సారా ప్యాకెట్లకే పోయేవి. రాత్రి అన్నం మీద మూతపెట్టి అమ్మ అలా కూర్చునే ఉండేది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో కదిలాక, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా అమ్మకం ఆగింది. ఆ రోజు అమ్మ కొబ్బరికాయ కొట్టింది. 1995లో మద్యనిషేధమూ వచ్చింది, 1997లో సడలించారు. ఆ లోపే నాన్న పోయారు. ఇప్పుడు వీడూనా అనుకున్నాను. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం "బాగున్నాడమ్మా" అనేశాను.

ఓ ఆదివారం తమ్ముడు, మరదలు నన్ను సాన్సెర్ తీసుకెళ్ళారు. పారిస్‌కి దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్లు. ల్వార్ నది దగ్గర కొండమీద ఊరు, చుట్టూ ద్రాక్షతోటలే. నేల చూస్తే చాలాచోట్ల సున్నపురాయి! మన జగ్గయ్యపేటదీ సున్నపురాయే కదండీ. మనం సిమెంటు చేసుకున్నాం, వాళ్ళు ద్రాక్ష వేసుకున్నారు.

అక్కడి తెల్ల వైన్‌ని సోవిన్యోన్ బ్లాన్ అనే ద్రాక్షతో చేస్తారు. రసం పులిసేటప్పుడు తీపంతా దాదాపు ఆల్కహాలుగా మారిపోతుంది. తీపి మిగలదు కనుక 'సెక్' అంటారు, అంటే పొడి అని. తడి వస్తువుకి పొడి పేరేమిటని నవ్వుకున్నాను! 1936 నుంచీ ఆ చుట్టుపక్కల నిర్ణయించిన ఊళ్ళలో చేసిన దానికే సాన్సెర్ పేరు చెల్లుతుంది.

పక్కనే షవిన్యోల్ అనే ఊరుంది. అక్కడి మేకపాల చీజ్ చిన్న చిన్న బిళ్ళలుగా ఉంటుంది. పది రోజులకి తక్కువ కాకుండా మాగబెడతారు. చీజ్ కొవ్వుగా, ఉప్పగా ఉంటే, వైన్ పుల్లగా ఉండి నాలుక మీది జిడ్డుని కోసేస్తుంది. వెన్నలో వేయించిన చేపలకీ, ఆల్చిప్పలకీ అదే లెక్క. మనం చేప వేపుడు మీద నిమ్మకాయ పిండమూ? అలాగన్నమాట. కారం మాత్రం కుదరదు, మంట ఇంకా పెరుగుతుంది. "ఆవకాయ దగ్గరికి రానివ్వకండి వదినా" అని నవ్వింది మరదలు.

పక్క బల్ల దగ్గర ముసలి దంపతులు చెరో గ్లాసుతో గంటసేపు తింటూ కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళని చూసి ఉండబట్టలేక అడిగేశాను.

"ఒరే, నాన్న గుర్తున్నారా?"

"గుర్తుండబట్టే అక్కా, నువ్వొచ్చిన నాటి నుంచీ ఆ సీసా మూత తియ్యలేదు. చుట్టాలొస్తే భోజనంతో ఒక్క గ్లాసు. కోపం వచ్చిన రోజు, దిగులు పుట్టిన రోజు ముట్టను."

నేను గ్లాసు వాసన మాత్రం చూశాను. నిమ్మకాయా పచ్చగడ్డీ కలిసినట్టుంది. తాగమని చెప్పడానికి రాయడం లేదు సుమండీ! అక్కడా తాగి కాలేయం చెడగొట్టుకునేవాళ్ళున్నారు. ఎంత కొంచెం తాగినా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

ఇంటికొచ్చాక అమ్మకి నిజం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రోజూ రాత్రి భోజనానికి ఇంటికొస్తున్నాడా?" అంది. వస్తున్నాడన్నాను. "అయితే నాకు నిద్ర పడుతుందిలే" అంది.

ఇప్పుడు మున్నేటి చేపలు వేయించిన రోజు మా ఇంట్లో ఉప్పేసిన నిమ్మనీళ్ళు చల్లగా పక్కన పెడుతున్నాను. కారం కాస్త తగ్గించి మీరూ చేసి చూడండి.