పండగ పూట గ్లాసులో ఏం పోద్దాం?

పండగ వంటకి మన ఇళ్లలో వారం ముందు నుంచే మంతనాలు నడుస్తాయి. బూరెలా బొబ్బట్లా, పులిహోరకి చింతపండా నిమ్మకాయా, ఆవడలకి పెరుగు ఎంత తోడెయ్యాలి, అన్నీ తేలుస్తారు. తాగడానికి ఏమిటన్నది మాత్రం చుట్టాలు గుమ్మంలో చెప్పులు విడిచే వేళకి గుర్తొస్తుంది. అప్పుడు పిల్లాడి చేతిలో డబ్బులు పెట్టి వీధి చివరి కొట్టుకి తరుముతారు. వాడు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చంకలో ఇరికించుకుని వస్తాడు. మూత తియ్యగానే నురగ పొంగి సగం సోఫా పాలు. షుగరున్న పెదనాన్నగారు "నాకొద్దమ్మా" అంటారు. జలుబు చేసిన పిల్లని వాళ్లమ్మ తాగనివ్వదు. మిగిలినవాళ్లు మొహమాటానికి రెండు గుక్కలు తాగి గ్లాసు కుర్చీ కింద పెడతారు.

చీకటి పడ్డాక కొన్ని ఇళ్లలో ఇంకో భాగోతం మొదలవుతుంది. "అలా మేడ మీదికెళ్లి గాలి పీల్చుకొస్తాం" అంటూ మగవాళ్లు ఒక్కొక్కరే మెట్లెక్కుతారు. ఆ గాలికి సోడాలు కావాలి, ఐసు కావాలి, వేయించిన పల్లీలు కావాలి, పావుగంటకో పళ్లెం పకోడీలు కావాలి. ఆడవాళ్లు కింద బాణలి దించకుండా వేయిస్తూనే ఉంటారు. తాగడం మంచా చెడా అన్న పేచీలోకి నేను దిగను. అందరినీ ఒకచోటికి పిలిచి, పిలిచినవాళ్లని కింద సగం పైన సగం చెయ్యడమే పానకంలో పుడక.

పండగ పానీయానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మనవరాలి నుంచి తాతగారి దాకా అందరూ ఒకే గిన్నెలోంచి పోయించుకుని, ఒకే గదిలో కూర్చుని తాగాలి.

ఆ పరీక్షలో మొదటి మార్కు పానకానిదే. శ్రీరామనవమి పందిట్లో గంగాళం పెట్టి, దారిన పోయేవాళ్లని కూడా ఆపి పోస్తారు. ఎవరి గోత్రమూ అడగరు. మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామికైతే నైవేద్యమే పానకం. అర్చకులు శంఖంతో స్వామి నోట్లో పోస్తుంటే గుటకలు వేస్తున్న చప్పుడు వినిపిస్తుందని, పోసినదాంట్లో సగం పుచ్చుకుని సగం ప్రసాదంగా వదిలేస్తాడని భక్తుల నమ్మకం. దేవుడు కూడా సగం పంచి ఇచ్చే పానీయం ఇంకోటి నాకు తెలీదు.

చెయ్యడం తేలికే గానీ అందులోనూ ఒక పద్ధతి ఉంది. పాలిపోయినట్టు తెల్లగా మెరిసే బెల్లం కాకుండా ముదురు రంగు బెల్లం తీసుకోండి. కప్పు తురుముకి నాలుగు కప్పుల నీళ్లు. బెల్లం నీళ్లలోనే కరగాలి, పొయ్యి అక్కర్లేదు. పల్చటి గుడ్డలో వడకడితే ఇసకా చెరుకు పీచూ గుడ్డలో ఉండిపోతాయి. మిరియాలు అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచుకోవాలి, డబ్బాలో నెలల తరబడి ఉన్న పొడిలో ఘాటు మిగలదు. శొంఠి మాత్రం మెత్తగా ఉండాలి. యాలకులు, నాలుగు తులసాకులు, చిటికెడు ఉప్పు. పచ్చకర్పూరం వేస్తే ఆవగింజంతే, ఒక్క పిసరు ఎక్కువైతే గంగాళమంతా చేదెక్కుతుంది. మొదటి గుక్కలో తీపి తెలుస్తుంది, మింగాక మిరియం గొంతులో చురుక్కుమంటుంది. ఆ చురుకు కోసమే రెండో గ్లాసు అడుగుతారు. ఇది ఏ పూటకా పూట చేసుకోవాల్సిందే. చైత్రమాసపు ఎండకి బెల్లం నీళ్లు సాయంత్రానికి పులవడం మొదలుపెడతాయి.

అందరికీ పంచడంలో ఉగాది పచ్చడి సంగతీ అంతే. కోస్తాలో దాన్ని చెంచాతో చేతిలో వేస్తారు. తెలంగాణలో చాలా ఇళ్లలో కొత్త కుండలో పల్చగా కలిపి గ్లాసులతో తాగుతారు. చింతపండు పులుసు, కొత్త బెల్లం, మామిడి ముక్కలు, వేపపువ్వు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి అడుగున మిగిలిన ముక్కల కోసం పిల్లల మధ్య యుద్ధం. దసరాకి జమ్మి చెట్టుకి మొక్కి, పాలపిట్టని చూసి వచ్చాక తెలంగాణ పల్లెల్లో కల్లు పంచుకుంటారు. కల్లు ముంత అక్కడ చాటుగా దాచుకునే వస్తువు కాదు. ముసలమ్మలు కూడా బంధువుల మధ్య కూర్చునే పుచ్చుకుంటారు. మేడ మీది గ్లాసుకి లేని మర్యాద ఆ ముంతకి ఉంది.

ఇప్పుడు హోటళ్లలో, పెళ్లి రిసెప్షన్లలో పెద్ద గాజు గిన్నెలో పళ్ల ముక్కలు తేలుతూ కనిపించే పంచ్ పరాయిదనుకుంటాం. నిజానికి పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ నావికులు ఇటువైపు వచ్చి, మన సారాలో పంచదార, నిమ్మరసం, నీళ్లు, మసాలా దినుసులు కలుపుకుని తాగడం అలవాటు చేసుకుని ఇంగ్లండు దాకా మోసుకెళ్లారు. పంచ్ ప్రస్తావన ఇంగ్లీషు రాతల్లో మొదటిసారి కనిపించేది 1632 నాటి ఉత్తరంలో. ఆ ఉత్తరం అందుకున్న వర్తకుడు పెద్దపల్లి అనే రేవులో ఉండేవాడు. అది ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. ఇంగ్లండు చేరాక కూడా దాన్ని నడుమ గిన్నె పెట్టుకుని చుట్టూ కూర్చునే తాగారు. అంటే అది కూడా మన గంగాళం పద్ధతే.

సంక్రాంతికి చెయ్యదగ్గ పానీయం ఒకటి చెబుతాను, దానికి పాఠం మాత్రం జమైకా నుంచి తెచ్చుకోవాలి. అక్కడ క్రిస్మస్ అంటే ప్రతి ఇంట్లో సారెల్ అనే ఎర్రటి పానీయం ఉండి తీరాలి. దాన్ని చేసే మొక్క మన ఎర్ర గోంగూర జాతిదే, తెలంగాణవాళ్లు పుంటికూర అనేది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతోపాటు ఆ మొక్క కరీబియన్ దీవులు చేరింది. మనం ఆకు కోసుకుని పచ్చడి నూరుకుంటాం, వాళ్లు పువ్వు రాలాక కాయ చుట్టూ దళసరిగా మిగిలే ఎర్రటి రేకులు కోసుకుంటారు. పగలు పొట్టిగా ఉండే చలికాలంలోనే ఈ మొక్క పూస్తుంది కాబట్టి పెరట్లో కొయ్యకుండా రెండు మొక్కలు వదిలేస్తే పండగ వేళకి మనకీ ఆ రేకులు దొరుకుతాయి.

లోపలి పచ్చికాయ తీసేసి, రెండు కప్పుల రేకుల్ని, చితక్కొట్టిన బొటనవేలంత అల్లం ముక్కతో, నాలుగు లవంగాలతో కలిపి గిన్నెలో వెయ్యండి. మరిగిన నీళ్లు ఆరు కప్పులు పోసి మూతపెట్టి రాత్రంతా వదిలెయ్యండి. గిన్నె స్టీలుదో గాజుదో కావాలి, ఈ పులుపు ముందు ఇత్తడీ రాగీ పనికిరావు. పొద్దున వడకట్టి బెల్లమో పంచదారో కలిపితే గాజు గ్లాసులో దానిమ్మ గింజ రంగు. జమైకాలో పెద్దవాళ్లు ఇందులోనే రమ్ము కలుపుకుంటారు, పిల్లలకి కలపకుండా ఇస్తారు. పానీయం ఒకటే, కూర్చునే గదీ ఒకటే. తాగే అలవాటున్న ఇళ్లకి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. జగ్గులో ఉన్నది అందరిదీ. కావలసినవాళ్లు పక్కనున్న సీసాలోంచి తమ గ్లాసులోకి, తమ లెక్కలోకి పోసుకుంటారు. బండి నడపాల్సినవాడు వద్దన్నా ఎవరూ వెక్కిరించరు, వాడి చేతిలోనూ అదే రంగు గ్లాసు ఉంటుంది మరి.

తక్కిన పండగలకీ వెతుక్కుంటే మన వంటింట్లో బోలెడు. ఎండాకాలమైతే నన్నారి షర్బత్తులో నిమ్మకాయ పిండి, నానబెట్టిన సబ్జా గింజలు వేసి సోడా పొయ్యండి. జామపళ్ల కాలంలో రసం తీసి, గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి ఉప్పూకారంలో అద్దండి. బస్టాండులో జామకాయ కొనుక్కున్న ప్రతివాడికీ ఆ రుచి తెలుసు. షుగరున్న పెదనాన్నగారికీ పథ్యం వాళ్లకీ పల్చటి మజ్జిగ, అందులో అల్లం, పచ్చిమిర్చి, నలిపిన దబ్బాకు. ఆ దబ్బాకు వాసనకి షుగరు లేనివాళ్లు కూడా గ్లాసు చాపుతారు.

అన్నిట్లోనూ ఇంటివాళ్లకి ఒక సుఖం ఉంది. ఇవన్నీ ముందే కలిపి పెట్టుకునేవి. వచ్చినవాళ్లకి వచ్చినట్టు గరిటతో పోసి ఇచ్చి, పిలిచిన మనిషి కూడా వాళ్ల పక్కన కూర్చోవచ్చు. చుట్టాలు వచ్చేది అందుకే కదా!

కాబట్టి ఈసారి పండగ సరుకుల చీటీ రాసేటప్పుడు పానీయానికి కూడా ఒక వరస కేటాయించండి. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద గిన్నె హాలు మధ్యలో పెట్టండి. మేడ మెట్ల తలుపుకి ఆ ఒక్క పూటా తాళం వేసినా తప్పులేదు.